ఎక్కడా లేని బజారు

జూన్ 3

ఏజెన్సీ మేడం ఫోన్ చేసింది. రెండు వారాల పని. విదేశీ డబ్బు మార్చే కంపెనీ ఒకటి వినపడని వాళ్ళను కొందరిని ఉద్యోగాల్లోకి తీసుకుంటుందట. ముందు శిక్షణ, ఆ తర్వాత పరీక్ష. క్లాసులో మాస్టారు చెప్పేది నేను సైగల్లో చెప్పాలి. వాళ్ళు సైగ చేసింది గొంతుతో చెప్పాలి. "నీకు ఆ వ్యవహారం తెలుసా?" అని అడిగింది. తెలుసన్నాను. తెలియదు.

ఒప్పుకున్నది పని కోసమే. ఇంట్లో ఊరికే కూర్చుంటే అమ్మ ఎదురుగా కూర్చుని నన్నే చూస్తోంది. తమ్ముడు ఇల్లు వదిలి వెళ్ళిన దగ్గర్నుంచీ ఇదే వరస. అమ్మ పుట్టినప్పటి నుంచీ వినపడని మనిషి, అయినా ఇంత మౌనంగా ఎప్పుడూ లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది, అంతే.

ఇవాళ మాత్రం చేతులు లేచాయి. కొత్త పని ఏమిటని అడిగింది. పరాయి దేశాల డబ్బు అమ్మే బజారని చెప్పాను.

"ఎక్కడుందా బజారు?"

"ఎక్కడా లేదట."

"కొట్లు?"

"కొట్లూ లేవు. అంతా ఫోన్ల మీద, కంప్యూటర్ల మీద."

"సరుకో?"

"డబ్బే సరుకు. డబ్బిచ్చి డబ్బు కొంటారు."

అమ్మ "పనీ పాటా లేనివాళ్ళు" అంది.

జూన్ 5

మొదటి రోజు. వాడున్నాడు.

జూన్ 6

నిన్న ఇంకేమీ రాయబుద్ధి కాలేదు.

క్లాసులో ఐదుగురు. ఊళ్ళో వినపడని వాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళే. ఎవరినీ పూర్తి పేరుతో పిలవరు, ప్రతివాళ్ళకీ ఒక సైగ పేరుంటుంది. గడ్డం (అది గీయించి చాలా కాలమైంది, పేరు మాత్రం పోలేదు), ఉంగరాల జుట్టున్న ఉంగరాలు, పొడుగు, ఎప్పుడూ ఎక్కిళ్ళు వచ్చే ఎక్కిళ్ళు. ఐదోవాడు బుగ్గసొట్ట, అంటే మా తమ్ముడు. ఆ పేరు పెట్టింది నేనే, వాడు ఉయ్యాల్లో ఉన్నప్పుడు.

నేను లోపలికి వెళ్ళేసరికి వాడు కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. నన్ను కరెంటు స్తంభాన్ని చూసినట్టు చూశాడు. నేనూ అలాగే చూశాను. మిగతా నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నా అదృష్టం, నవ్వలేదు.

వాడు ఇల్లు వదిలిన రోజు గుమ్మం దగ్గర నిలబడి అన్న మాటలు ఇప్పటికీ కళ్ళముందు ఆడుతుంటాయి. "డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగాడు. నా చెయ్యి కడుపు దాకా వెళ్ళకముందే నువ్వు జవాబు చెప్పేశావు. కడుపు నాదా, నీదా?"

ఇంటి ఓనరు దగ్గర, బ్యాంకులో, వాడు సీసాలు సర్దే ఫ్యాక్టరీలో, ఇన్నేళ్ళూ నేను కాక ఎవరు మాట్లాడారు? అన్నీ అమర్చి పెడితే చివరికి దక్కింది ఇదీ. నేనేం తప్పు జవాబు చెప్పలేదు. నొప్పి కడుపులోనే కదా.

సొంతవాళ్ళకు అనువాదం చేయకూడదని ఏజెన్సీలో ఒక నియమం ఉంది. అది కోర్టులకూ ఆస్పత్రులకూ అనుకుంటాను. క్లాసుకు కాదు. నన్నెవరూ అడగలేదు కూడా.

పాఠం సంగతి రాయాలి, రేపటికి నాకే పనికొస్తుంది. చెప్పేది ఒక పెద్దమనిషి, చాలా ఏళ్ళు బ్యాంకులో విదేశీ మారకం బల్ల దగ్గర పని చేశారట. వంగినప్పుడల్లా ఆయన టై బల్లకు తగిలి టప్‌మంటుంది. ఆ చప్పుడు వినపడేది నాకొక్కదానికే, అయినా మధ్యాహ్నానికల్లా ఆయనకు టై అనే పేరు స్థిరపడింది.

"ప్రపంచంలో దీనికి మించిన బజారు లేదు" అన్నారు. "రోజుకి ఏడు లక్షల కోట్ల డాలర్ల పైమాటే చేతులు మారుతుంది. షేర్ల బజార్లన్నీ ఒక చోట పోగేసినా దీని ముందు పిల్లకాలవలే."

ఉంగరాలు చెయ్యెత్తింది. ఆ పిల్లకు అనుమానాలెక్కువ. "అంతమంది ప్రయాణాలు చేస్తున్నారా?"

"ప్రయాణాలవాళ్ళది ఆవగింజంత, అమ్మా. బ్యాంకులు బ్యాంకులతో చేసేదే ఎక్కువ. యంత్రాలు తెప్పించుకునే కంపెనీలు, సరుకు పంపేవాళ్ళు, పెద్ద పెద్ద నిధులు. పైగా ఒకే సొమ్ము ఒక్క రోజులో పది చేతులు మారుతుంది. మీరంతా ఒకే బంతిని విసురుకుంటున్నారనుకో, ప్రతి విసురూ లెక్కలోకే వస్తుంది."

ఇది బాగానే చెప్పగలిగాను. ఆ బజారు తూర్పున తెల్లవారిన చోట తెరుచుకుని, పొద్దుతోపాటే పడమటికి నడిచి, వారం ఆఖరు దాకా మూతపడకుండా తిరుగుతుందని చెప్పినప్పుడు ఒక చేతిని భూమి చేసి, రెండో చేతిని సూర్యుణ్ణి చేసి తిప్పాను. పొడుగు చప్పట్లు కొట్టాడు, అంటే గాలిలో వేళ్ళాడించాడు.

వాడు నా చేతులే చూశాడు, మొహం వైపు చూడలేదు. సైగల్లో సగం అర్థం మొహంలోనే ఉంటుంది. అంటే వాడికి సగం పాఠమే అందింది. అందకపోతే నాకేం.

జూన్ 9

ఇవాళ నా పరువు పోయింది.

మాస్టారు బోర్డు మీద లిక్విడిటీ అని రాశారు. "పుస్తకాల్లో ద్రవ్యత అంటారు. ఆఫీసులో అంటే మాత్రం మిమ్మల్ని వింతగా చూస్తారు" అన్నారు.

ఆ మాటకు మా దగ్గర సైగ లేదు. ద్రవం అంటే నీళ్ళలాంటిది కదా అని నీళ్ళు చూపించాను. పక్కన డబ్బు చూపించాను. గడ్డం చెయ్యెత్తాడు. "నోట్లు తడిసిపోయినా తీసుకుంటారా?"

వాళ్ళేమడిగితే అది నేను పైకి అనక తప్పదు. అన్నాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

"తడి సంగతి కాదు నాయనా. నీ దగ్గర ఒక వస్తువుంది, అమ్మాలి. అనుకున్న వెంటనే కొనేవాడు దొరకాలి. దొరికితే చాలదు, నువ్వు అమ్మినందువల్ల దాని ధర పడిపోకూడదు. అదీ లిక్విడిటీ. జనం మూగే డబ్బుంది, డాలరు, యూరో లాంటివి. అవి కొనే రేటుకీ అమ్మే రేటుకీ మధ్య సందులో వెంట్రుక కూడా దూరదు. ఎవరూ అడగని నోటు ఉంటుంది. దాని సందులో లారీ తోలచ్చు."

మళ్ళీ ప్రయత్నించాను. గబగబా అమ్మడం అన్నాను. పొడుగుకు తొందరపాటు అని అర్థమైంది. సులభంగా అన్నాను. ఎక్కిళ్ళకు చవక అని అర్థమైంది. వేళ్ళతో ఒక్కొక్క అక్షరమే రాసి చూపించాను. అక్షరాలైతే చదివారు, అర్థం మాత్రం ఎవరికీ ఎక్కలేదు.

అప్పుడు కిటికీ దగ్గర నుంచి వాడు లేచాడు. నా వైపు కాదు, మిగతావాళ్ళ వైపు తిరిగి చేశాడు. ఎడమ అరచేయి బల్లలా పరిచి పెట్టాడు. కుడిచేత్తో దాని మీద నుంచి ఏదో తీసి పక్కవాడికి అందించాడు. ఎడమ అరచేయి కదల్లేదు. మళ్ళీ తీశాడు, మళ్ళీ అందించాడు. అరచేయి అక్కడే ఉంది. తర్వాత ఇంకో రకంగా చేశాడు. ఈసారి ఒక్కటి తీయగానే ఎడమ చెయ్యి జారి, వంగి, కిందికి పడిపోయింది.

మొదటిది లిక్విడిటీ ఉన్నట్టు, రెండోది లేనట్టు. నలుగురికీ ఒక్కసారే అర్థమైంది. నేను మాస్టారికి చెప్పాను. ఆయన తన రెండు చేతులతోనూ చేసి చూసుకుని, "ఎడమ చెయ్యి ధరన్నమాట. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను, నాకింత బాగా చెప్పడం రాలేదు" అన్నారు.

ఆ మాట వాడికి సైగ చేసి చెప్పాల్సింది నేనే. చెప్పాను, ఉన్నదున్నట్టు.

మిగతా క్లాసంతా వాడి సైగే వాడాను. వేరే దారి లేక వాడాను.

జూన్ 10

పొద్దున టీ తాగుతూ అమ్మకు ఆ సైగ చూపించాను. వాడు క్లాసులో ఉన్నాడని ఇంతవరకూ చెప్పలేదు. ఒక కుర్రాడు కనిపెట్టాడన్నాను.

ఇంకోసారి చెయ్యమంది. చేశాను. కుడి మణికట్టు చివర్లో చిన్నగా తిప్పే విరుపు ఒకటుంది, నాకు తెలియకుండానే అది కూడా వచ్చేసినట్టుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఆ విరుపు ఎవరిదో నాకు తెలియదా? ఆ కుర్రాడు నా కొడుకు."

అవునని తలూపాను.

"తింటున్నాడా?"

"మాట్లాడుకోవడం లేదమ్మా. క్లాసులో కూడా."

అమ్మ గ్లాసు కింద పెట్టింది. సైగ అర్థమైందో లేదో అనుకున్నాను. అర్థమైంది. ఎడమ అరచేయి పరిచి, "ఊరు నిండా జనం ఉంటే ఒకడు వెళ్ళిపోయినా ఎవరికీ తెలియదు" అంది. చెయ్యి కదల్లేదు. "మన ఇంట్లో ఉన్నది ముగ్గురం" అంది. కుడిచేత్తో ఒకణ్ణి తీసింది.

ఎడమ చెయ్యి ఒళ్ళోకి పడిపోయింది. దాన్ని అక్కడే వదిలేసి టీ చల్లారేదాకా కూర్చుంది.

జూన్ 11

ఇవాళ వాడు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఇస్త్రీ సరిగ్గా లేదు.

జూన్ 13

ఉంగరాలు అడిగింది. "అంత పెద్ద బజారైతే కొత్తవాళ్ళు ఎప్పుడు దిగినా పరవాలేదన్నమాట?"

మాస్టారు ఈ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు సుద్దముక్క పక్కన పెట్టారు. "కొత్తవాళ్ళు మోసపోయేది సరిగ్గా ఇక్కడే. బజారు పెద్దదే. కానీ ఎప్పుడూ ఒకేలా నిండి ఉండదు. పడమట మూసే వేళకీ తూర్పున తెరిచే వేళకీ మధ్య కాసేపు పల్చబడుతుంది. పెద్ద వార్త వచ్చే ముందు అందరూ చేతులు వెనక్కి లాక్కుంటారు. ఆ క్షణంలో అమ్మాలనుకున్నవాడికి అది ప్రపంచంలోకెల్లా పెద్ద బజారు కాదు, ఖాళీ సందు. బజారు సైజు బజారుది. దాన్ని చూసి మన బలం అనుకోకూడదు."

ఆ చివరి మాట సైగ చేస్తుంటే వాడు తలెత్తి మొదటిసారి నా మొహం చూశాడు. పాఠం కోసమే చూసుంటాడు.

టీ వేళకు మాస్టారు నా పక్కన నిలబడి మెల్లగా అడిగారు. "ఏమ్మా, అందరితో నవ్వుతూ ఉంటారు. ఆ కిటికీ పక్కబ్బాయి దగ్గరికి వచ్చేసరికి మీ మొహం మరోలా ఉంటుందేం?"

"నాకందరూ ఒకటేనండి."

"అలాగా" అన్నారు. ఆయన నమ్మలేదు.

జూన్ 16

పరీక్ష శుక్రవారం. రాతపరీక్ష కాదు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి ముగ్గురి ముందు పాఠంలో సంగతులు వివరించి, ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. వాళ్ళ చేతులు చెప్పింది నా గొంతు చెప్పాలి. మేనేజరమ్మ వచ్చి ప్రకటించింది. ఈమె కంపెనీలో సిబ్బంది వ్యవహారాలు చూసే మనిషి, ముక్కుసూటిగా మాట్లాడుతుంది, చెడ్డది కాదు. ఉద్యోగాలు మూడే ఉన్నాయట.

వాడి సమాధానాలు నా నోటి నుంచి వస్తాయి. వాడు తడబడితే నేను తడబడతాను. వాడు ఎక్కడైనా ఒక ముక్క మింగేస్తే దాన్ని నేను కాస్త సర్ది చెప్పినా ఎవరికీ తెలియదు. అలా చేస్తానని కాదు. తెలియదని రాస్తున్నాను, అంతే.

ఈ ఉద్యోగం వాడికి రావాలి. ఆ సీసాల ఫ్యాక్టరీలో నడుం పోగొట్టుకున్నాడు.

వాడు నా తమ్ముడని చెప్పాల్సిన అవసరముంటే చెప్పేదాన్నే. ఎవరైనా అడిగితే చెప్తాను.

జూన్ 17

ఎవరూ అడగలేదు.

జూన్ 18

వాడే చెప్పేశాడు.

మధ్యాహ్నం మేనేజరమ్మ గదిలోకి పిలిచింది. వాడు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. ఫోన్‌లో ఏదో టైప్ చేసి ఆమెకు చూపించాడట. ఆమె అది నాకు చదివి వినిపించింది. "ఈమె మా సొంత అక్క. బాగా చేస్తుంది. కానీ పరీక్షకు వేరేవాళ్ళను పెట్టండి. నేను గెలిస్తే అక్క గెలిపించిందని ఎవరూ అనకూడదు."

"నిజమేనా?" అంది నన్ను.

"నిజమేనండి."

"ముందే చెప్పుండాల్సింది కదమ్మా."

అలవాటు కొద్దీ ఆమె మాటలు వాడికి సైగ చెయ్యబోయాను. వాడు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆమె పెదాల కదలిక చూసి తనే అర్థం చేసుకున్నాడు.

సాయంత్రం ఏజెన్సీ మేడం ఫోన్లో కడిగి ఆరేసింది. పరీక్ష గదిలోకి నేను వెళ్ళడానికి లేదు. వేరే ఊరి నుంచి ఇంకొకాయన వస్తారట. మిగతావాళ్ళకు ఏమైనా చెప్పాల్సివస్తే బయట హాల్లో ఉండమంది. అదే గొప్ప అంది.

బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. నలుగురిలో నా తల కొట్టేసినంత పని చేశాడు. ఒక్క మాట ముందు నాతో అనొచ్చుగా. ఎలా అంటాడు, మాట్లాడుకోవడం లేదు కదా.

బాగా చేస్తుంది అని రాశాడు. అది కూడా రాశాడు.

జూన్ 19

కొత్త అనువాదకుడు వచ్చారు. గుబురు మీసాలాయన, నెమ్మదైన మనిషి, అనుభవం బాగా ఉంది. కానీ విదేశీ మారకం ఆయనకూ కొత్తే. మొదటి రోజు నేనెలా ఉన్నానో ఆయనా అలాగే ఉన్నారు. పైగా ఈ రెండు వారాల్లో మేం క్లాసులో చేసుకున్న సైగలు ఆయనకు ఒక్కటీ తెలియవు. రేపు వాడు ఎడమ అరచేయి పరిస్తే ఈయన బల్ల తుడవడం అంటారు.

ఇంటికి వెళ్ళిపోవచ్చు. నా పని అయిపోయింది. ఆయనకు నేర్పమని నన్ను అడిగినవాళ్ళూ లేరు.

"సార్, కాసేపు కూర్చుంటారా?" అని మీసాలాయన్ని అడిగాను. ఖాళీ క్లాసులో కూర్చుని మొదటి నుంచీ చూపించాను. పొద్దుతో నడిచే బజారు. కొనే రేటు, అమ్మే రేటు, మధ్య సందు. వార్త ముందు చేతులు వెనక్కి లాక్కోవడం. ఆయన ఒక్కొక్కటీ చేసి చూసుకుంటూ, "ఇదెవరు కనిపెట్టారు? ఇదో?" అని అడుగుతూనే ఉన్నారు. సూర్యుడు నాది. పల్చబడడం పొడుగుది. సందు ఉంగరాలది.

లిక్విడిటీ దగ్గరికి వచ్చాం. అరచేయి పరిచి చూపిస్తున్నాను. వెనక నుంచి ఎవరో నా మోచేతిని తట్టారు.

తమ్ముడు. మరిచిపోయిన గొడుగు కోసం వచ్చాడట, తర్వాత తెలిసింది. గుమ్మంలో ఎంతసేపు నిలబడి చూశాడో తెలియదు.

"అలా కాదు" అన్నాడు నాతో. "చెయ్యి వాలుతోంది. వాలితే ధర పడిపోతున్నట్టే. తిన్నగా పెట్టు."

మూడు నెలల తర్వాత మొదటి మాట. నా ఎడమ చెయ్యి కింద వేలు పెట్టి కాస్త పైకెత్తాడు.

"ఇలాగా?"

"ఆ, అలా."

మీసాలాయన మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి తన చెయ్యి కూడా సరిచేసుకున్నారు. వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాకు కాదు, ఆయనకే చెప్పాడు, మిగతావన్నీ. నేను పక్కన కూర్చుని, ఆయన అడిగినప్పుడు మాత్రం నోరు విప్పాను. వాడు వెళ్తూ వెళ్తూ అమ్మ ఎలా ఉందని అడిగాడు.

"నువ్వు తింటున్నావా అని అడుగుతోంది."

"తింటున్నానని చెప్పు." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "వద్దులే. నేను చెప్తాను."

జూన్ 20

పరీక్ష గదికి ఒకవైపంతా అద్దమే గోడ. కట్టినవాళ్ళు శబ్దం బయటికి రాకూడదనుకున్నారు. సైగల సంగతి వాళ్ళకేం తెలుసు. హాల్లో కూర్చుంటే లోపల వాడి చేతులు చెప్పే ప్రతి మాటా నాకు తెలుస్తుంది. మీసాలాయన గొంతు మాత్రం వినపడదు. అంటే ఆ ముగ్గురికీ ఏం అందుతోందో నాకు తెలియదు.

కుర్చీ అటు తిప్పుకుని కూర్చుందామనుకున్నాను. తిప్పుకోలేదు. చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

లోపల మేనేజరమ్మ, టై మాస్టారు, పెద్దాఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. బజారు ఎంత పెద్దది, ఎవరెవరుంటారు, ఎప్పుడు తెరుస్తారు అన్నవన్నీ వాడు సాఫీగా చెప్పాడు. బంతి కూడా చెప్పాడు. తర్వాత పెద్దాయన ఏదో అడిగారు. మీసాలాయన చేతుల్లో చదివాను. "ఇంత పెద్ద బజారులో కొనేవాడు దొరకడనే భయం ఎందుకయ్యా?"

వాడు జవాబు చెప్పలేదు. ఆగిపోయాడు. చేతులు గాల్లోనే ఉన్నాయి.

ఆ జవాబు నాకు తెలుసు. వాడికీ తెలుసు, ఆ రోజు నా మొహంలోకి చూసిన పాఠమది. పల్చబడే వేళ, ఎవరూ అడగని నోటు, వార్త. తొడల కింద నా వేళ్ళు కదులుతున్నాయి. వాడు తల కాస్త తిప్పితే చాలు, నేను కనపడతాను. తిప్పలేదు.

ఆలోచిస్తున్నాడు. అంతే. మనిషి జవాబుకు ముందు ఆలోచిస్తాడు. ఇన్నేళ్ళూ వాడు అలా ఆగినప్పుడల్లా నేను మాట్లాడేశాను కనుక, ఆ తర్వాత ఏమొస్తుందో ఎప్పుడూ చూడలేదు.

చేతులు కదిలాయి. "మా ఫ్యాక్టరీ గేటు చాలా పెద్దది. షిఫ్టు మారేటప్పుడు వందమంది ఇట్టే దాటతారు. వేళ తప్పి ఒక్కడు వెళ్తే కాపలావాడు దొరకాలి, వాడు అడిగింది ఇవ్వాలి. గేటు అదే, సైజు తగ్గలేదు."

అద్భుతంగా చెప్పాడు. కానీ మీసాలాయన తడబడినట్టున్నారు. పెద్దాయన నుదురు ముడిపడింది, మేనేజరమ్మ వైపు వంగి ఏదో అడిగారు. అయిపోయిందనుకున్నాను.

వాడు చూశాడు. మాట చేరలేదని మొహాలను బట్టి తెలిసింది. అరచేయి చూపించి ఆగమన్నాడు. లేచి బల్ల మీద పెన్ను తీసుకున్నాడు. మేనేజరమ్మనీ మాస్టారినీ మీసాలాయన్నీ పెద్దాయన్నీ చేతులు చాపమన్నాడు. చాపారు. పెన్ను ఒకరికిచ్చాడు, ఇంకొకరు లాక్కున్నారు, మళ్ళీ ఇంకొకరు. ఆడినంతసేపూ వాడి ఎడమ అరచేయి బల్లలా అలాగే ఉంది. తర్వాత అందరినీ చేతులు కట్టుకోమన్నాడు. పెన్ను పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాడు. తీసుకునేవాళ్ళు లేరు. ఆఖరికి పెద్దాయన ముందు నిలబడ్డాడు. పెద్దాయన చేతులు కట్టుకునే ఉండి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గర పెట్టి ఇంతే ఇస్తానన్నట్టు చూపించారు. వాడు తల పట్టుకుని అమ్మేశాడు. ఎడమ చెయ్యి దభాలున పడింది.

లోపల అందరూ నవ్వారు. అద్దం ఇవతలికి ఏ శబ్దమూ రాలేదు. అమ్మకు నవ్వులన్నీ ఇలాగే కనపడతాయి కాబోలు.

బయటికి వచ్చి నా ముందు ఆగాడు. నుదురంతా చెమట.

"చూశావా?"

"చూశాను."

"ఎలా చేశాను?"

చెప్పడానికి చేతులు లేచాయి. చాలా ఉంది చెప్పడానికి. దించేశాను. "నీకెలా అనిపించింది?" అని అడిగాను.

ఆలోచించాడు. నేను ఆగాను.

"బాగానే చేశాను" అన్నాడు.

జూన్ 24

ఉంగరాలు, పొడుగు, తమ్ముడు.

గడ్డానికి రాలేదు. ఎక్కిళ్ళకూ రాలేదు. గడ్డం, "నోట్లు తడిసినప్పుడు పిలుస్తార్లే" అన్నాడు. తర్వాతి జట్టులో మళ్ళీ కూర్చోమని మాస్టారు ఇద్దరికీ చెప్పారట. ఆ జట్టుకు నేను కావాలని ఏజెన్సీకి ఉత్తరం రాశారట. ఏజెన్సీ మేడం ఇంకా ముభావంగానే ఉంది, కానీ తేదీలు చెప్పింది. ఈసారి సొంతవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగింది.

"లేరండి. ఉంటే మొదటి రోజే చెప్తాను."

జూన్ 25

వాడు అద్దెకుంటున్న గదికి అమ్మ వెళ్ళొచ్చింది, ఒక్కతే. రెండు బస్సులు మారి. నాకు చెప్పకుండా వెళ్ళింది. నేను తోడు వస్తానంటానని.

జూన్ 29, ఆదివారం

వచ్చాడు. సామానుతో కాదు. ఆ గది వాడికి నచ్చిందట, ఆఫీసుకు దగ్గరట. కావలసినప్పుడు వస్తాడు, వెళ్తాడు. అమ్మకు అది చాలు. నాకు చాలదనుకున్నాను, కానీ పొద్దుటి నుంచి చూస్తున్నాను, చాలుతోంది.

ఉద్యోగంలో మొదటి మూడు రోజుల కబుర్లు చెప్పాడు. గది నిండా తెరలు, తెరల మీద అంకెలు ఒక్క క్షణం నిలకడగా ఉండవట. చాలా దేశాల డబ్బుకు చివరి అంకె మాత్రమే ఆడుతుందట. ఒక చిన్న దేశపు నోటు మాత్రం పొద్దున్నుంచీ కదలక, మధ్యాహ్నం ఎవరో ఒక్కరు అమ్మగానే మెట్ల మీద నుంచి జారినట్టు పడిందట. పక్క బల్ల ఆయన హడలిపోయి వాడి భుజం తట్టి అడిగితే, వాడు ఎడమ చెయ్యి పడేసి చూపించాడట. ఆ గదిలో వినపడేవాళ్ళు ఇప్పుడు ఆ సైగ చేస్తున్నారట. మారకం బల్ల దగ్గర అరవడం కంటే సుఖంగా ఉందంటున్నారట.

బుధవారం పెద్ద మీటింగు ఉందట. అనువాదానికి మీసాలాయన్ని పిలిపించమని వాడే ఆఫీసులో రాసిచ్చాడు. నాకు ఆ సంగతి చెప్పి, నా మొహం చూశాడు. పూర్తిగా, తీరిగ్గా.

"మంచి పని చేశావు" అన్నాను. అబద్ధం కాదు. కాస్త గుచ్చుకుంది, అదీ అబద్ధం కాదు.

తర్వాత నేను వంటింట్లో కంచాలు కడుగుతుంటే ముందు గదిలో వాళ్ళిద్దరూ ఏదో చెప్పుకుని పగలబడి నవ్వుతున్నారు. అమ్మ నవ్వితే బల్ల చరుస్తుంది, ఆ చప్పుడు వినపడింది. చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి కబురు అయిపోయింది. ఈ ఇంట్లో నేను అందుకోలేకపోయిన మొదటి మాట అది.

"ఏమన్నాడు?" అని అమ్మను అడిగాను.

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "నన్నెందుకు అడుగుతావు? వాడున్నాడుగా, వాణ్ణే అడుగు" అంది.

అడిగాను.

వాడు వెంటనే చెప్పలేదు. నవ్వు ఆపుకోలేక రెండుసార్లు మొదలుపెట్టి మానేశాడు. నేను తలుపుకు ఆనుకుని నిలబడ్డాను. తొందరేం లేదు.

మిగతాది తర్వాత రాస్తాను. ముందు గదిలో లైటు ఆరి వెలుగుతోంది, ఆరి వెలుగుతోంది. మా ఇంట్లో కేకెయ్యడమంటే అదే. ఇద్దరిలో ఎవరో నన్ను పిలుస్తున్నారు.